ఇంజన్ వేడెక్కుతోందా? ముందు ‘ఎప్పుడు’ అని అడగండి

శ్రీశైలం డ్యామ్ దాటి హైదరాబాద్ వైపు ఘాట్ ఎక్కుతున్నాం. నాలుగో మలుపో, ఐదో మలుపో తిరిగాక టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ పూర్తిగా నడుస్తోంది. ముందు ఒక లారీ రెండో గేరులో పాకుతోంది, దాని వెనుక మేమూ రెండో గేరులోనే. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ముల్లు ఎర్ర గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్‌ను చివరిదాకా తిప్పాను. వెనుక సీట్లోంచి మా అమ్మ “ఇంత ఎండలో హీటర్ ఏమిటిరా!” అంది. రెండు నిమిషాల్లో ముల్లు మెల్లగా వెనక్కి జారింది. ఈగలపెంట చేరేదాకా అలాగే, చెమటలు కక్కుతూ వెళ్లాం.

తర్వాతి రెండు నెలల్లో ఆ కారుకు థర్మోస్టాట్ మారింది, ఇంజన్‌లో తిరిగే నీళ్లలో కలిపే కూలెంట్ మారింది, వాటర్ పంపు మారింది. మూడు షెడ్లు, ముగ్గురు మెకానిక్‌లు. నాలుగో ఆయన ఇంజన్ పైభాగమైన హెడ్‌ను దించాలన్నాడు. అసలు లోపం ఈ నాలుగింటిలో ఏదీ కాదు. వాళ్లలో ఎవరూ మోసగాళ్లు కారు. “బండి హీట్ అవుతోంది” అని నేను చెప్పాను, ఒక్కొక్కరు తాము ఎక్కువగా చూసిన కారణాన్ని పట్టుకున్నారు. ఎప్పుడు వేడెక్కుతోందని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంజన్ వేడి విషయంలో లోపాన్ని సగానికి పైగా పట్టిచ్చేది ఆ ఒక్క ప్రశ్నే. అది అడగకుండా స్పానర్ పట్టుకుంటే, విడిభాగాలు మార్చుకుంటూ పోవడం తప్ప వేరే దారి ఉండదు.

వేడి లెక్క

లీటరు పెట్రోలులో ఇంచుమించు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. చిన్న కారు హైవే మీద 100 కిలోమీటర్ల వేగంతో పోతూ గంటకు 6 లీటర్లు తాగుతుందనుకుందాం. అంటే గంటకు 54 యూనిట్లు. అందులో చక్రాలను తిప్పడానికి పనికొచ్చేది మూడో వంతుకు మించదు. మరో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన దానిలో కొంత ఇంజన్ ఒంటి మీది నుంచే గాలిలో కలుస్తుంది. ఇక ఉన్న 15 యూనిట్లను లోపల తిరిగే నీళ్లే మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి అప్పగించాలి. ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్లు ఏడెనిమిది ఒకేసారి వేస్తే ఎంత వేడో, ప్రయాణం సాగినంత సేపూ అంత వేడి. చిన్న కారులో ఈ పనికి ఉన్న నీళ్లు నాలుగైదు లీటర్లు.

సిలిండర్‌లో మంట రాజుకున్న క్షణంలో వాయువుల వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. హెడ్‌ను పోసిన అల్యూమినియం మిశ్రమం 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ఆ లోహం నిలబడి ఉందంటే, కొద్ది మిల్లీమీటర్ల మందం గోడకు అవతల పారుతున్న నీళ్లే కారణం. వాటర్ పంపు నీళ్లను సిలిండర్లు ఉండే బ్లాకులోకి, హెడ్‌లోకి తోస్తుంది. వేడెక్కిన నీళ్లు థర్మోస్టాట్ దాటి, పై హోస్ గుండా రేడియేటర్ చేరి, చల్లబడి, కింది హోస్ గుండా మళ్లీ పంపుకు వస్తాయి. థర్మోస్టాట్ లోపల చిన్న రాగి డబ్బాలో మైనం ఉంటుంది. 82 నుంచి 90 డిగ్రీల మధ్య, ఆ ఇంజన్‌కు నిర్ణయించిన చోట, మైనం కరిగి వ్యాకోచించి తలుపు తెరుస్తుంది. అప్పటిదాకా నీళ్లు ఇంజన్ లోపలే చిన్న దారిలో తిరిగి త్వరగా వేడెక్కుతాయి. అంతే యంత్రాంగం.

రేడియేటర్ ఎంత వేడి వదలగలదనేది నీటికీ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 95 డిగ్రీల దగ్గర, గాలి 25 దగ్గర ఉంటే తేడా 70. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలి 45కు చేరితే తేడా 50. అంటే అదే రేడియేటర్, అదే వేగం, కానీ దాని శక్తి దాదాపు 30 శాతం పడిపోయింది. ఏసీ వేస్తే రేడియేటర్ ముందున్న కండెన్సర్ (ఏసీ లాగిన వేడిని వదిలే జాలీ) ఆ గాలిని ఇంకా వేడి చేసి పంపుతుంది. అందుకే డిసెంబరులో కనిపించని లోపం మే నెలలో బయటపడుతుంది. లోపం అప్పుడు పుట్టలేదు. అప్పటిదాకా చలికాలం దాన్ని కప్పిపెట్టింది.

కాబట్టి వేడెక్కడం అనేది ఒక భాగానికి వచ్చే జబ్బు కాదు. పుట్టే వేడికీ పోయే వేడికీ లెక్క కుదరకపోవడం. లెక్క ఏ పరిస్థితిలో తప్పుతోందో చూస్తే, ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

ఆగి ఉన్నప్పుడు వేడెక్కితే

సిగ్నల్ దగ్గర, టోల్ గేటు వరుసలో ముల్లు లేచి, రోడ్డు దొరికి వేగం అందుకోగానే దిగిపోతోందా? ఫ్యాన్ వైపు చూడండి. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే రేడియేటర్ గుండా తోసుకుపోతుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆగినప్పుడు గాలి లాగే దిక్కు ఫ్యాన్ ఒక్కటే.

దీన్ని పరీక్షించడానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కొద్ది క్షణాల్లో రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. ఏసీతో తిరిగి, వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే మోటారు బాగున్నట్టే. సెన్సరునో, దాని వైరింగునో చూడాలి. రెండు సందర్భాల్లోనూ తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాత మోటారు. మోటారును చిన్న కర్రతో మెల్లగా తడితే తిరగడం మొదలుపెట్టిందంటే లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగాయని అర్థం. ఇవాళ తిరిగినా రేపు మొరాయిస్తుంది. ఈ పనులన్నీ వేళ్లు ఫ్యాన్‌కు దూరంగా ఉంచి చేయాలి. కొన్ని బండ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది.

ఇంకో చిన్న పరీక్ష నాకు చాలా ఇష్టం. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముందు గ్రిల్ దగ్గర ఒక తెల్ల కాగితం పట్టుకోండి. ఫ్యాన్ రేడియేటర్ వెనుక ఉంటుంది కాబట్టి గాలిని లోపలికి లాగాలి. కాగితం గ్రిల్‌కు అతుక్కోవాలి. కాగితం బయటికి ఎగిరితే, మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారు చేశారన్నమాట. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చూసిన ప్రతివాడూ ఫ్యాన్ బాగుందనే అంటాడు, బండి మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం విరిగినా అంతే. లాగాల్సిన గాలి రేడియేటర్ గుండా రాకుండా పక్క సందుల్లోంచి వచ్చేస్తుంది.

పాత జీపులు, పికప్ వ్యాన్లలో ఫ్యాన్‌ను బెల్టు తిప్పుతుంది, మధ్యలో జిగట నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. ఇంజన్ ఆపి, బాగా వేడిగా ఉన్నప్పుడు చేత్తో తిప్పితే ఫ్యాన్ గట్టిగా ఉండాలి. బొంగరంలా తిరిగితే ఆ క్లచ్ పోయినట్టే.

పరుగులో, ఎక్కుడులో వేడెక్కితే

ఇది వేరే కథ. ఊళ్లో బాగానే ఉండి హైవే మీదో, ఘాట్‌లోనో ముల్లు లేస్తోందంటే ఫ్యాన్ మీద అనుమానం తగ్గించుకోవాలి. ఇక్కడ ఇంజన్ పుట్టిస్తున్న వేడే ఎక్కువ. నీరో గాలో, రెండింటిలో ఒకటి సరిపడా పారడం లేదు. ట్రాఫిక్‌లో ఇంజన్ పని తక్కువ కాబట్టి సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా నెట్టుకొస్తుంది. ఎక్కుడులో దాని గుట్టు బయటపడుతుంది.

నా కారు గుట్టు బయటపడింది ఒక చిన్న రేడియేటర్ షాపులో. అక్కడి మేస్త్రీ బానెట్ ఎత్తకముందే అడిగాడు: “బండి నిలబడి ఉన్నప్పుడు వేడెక్కుతోందా సార్, పోతున్నప్పుడా?”

“ఎక్కుడులో. అదీ ఏసీ వేస్తేనే.”

“ట్రాఫిక్‌లో?”

“ట్రాఫిక్‌లో ఇబ్బంది లేదు.”

“అయితే గాలి దారి చూద్దాం” అని ఒక టార్చి తెచ్చాడు. ఫ్యాన్ వైపు నుంచి రేడియేటర్ మీదికి వెలుతురు వేసి, నన్ను ముందు వైపు నుంచి చూడమన్నాడు. శుభ్రంగా ఉన్న రేడియేటర్ రెక్కల సందుల్లోంచి వెలుతురు జల్లెడలో పడ్డట్టు కనిపించాలి. నాకు పై అంచున నాలుగు వేళ్ల మేర మాత్రమే కనిపించింది, కిందంతా చీకటి. బంపరు విప్పి, కండెన్సర్‌ను ముందుకు వంచి, దానికీ రేడియేటర్‌కూ మధ్యనున్న సందులో వేళ్లు పెట్టి లాగాడు. బూడిద రంగు కంబళి ముక్క లాంటిది ఊడివచ్చింది. దుమ్ము, పత్తి పీచు, ఎండిన పురుగుల రెక్కలు, చిన్న ఆకులు, అన్నీ కలిసి చాపలా అల్లుకుపోయాయి. పత్తి సీజనులో లోడు లారీల వెనుక వారానికి రెండుసార్లు తిరిగే దారి మాది. ముందు నుంచి ఎంత చూసినా కనిపించేది శుభ్రమైన కండెన్సర్ ముఖమే. ముగ్గురూ ముందు నుంచే చూశారు.

వరికోత యంత్రం నడిపేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పొట్టు పేరుకుని జాలీ మూసుకుంటే ఇంజన్ వేడెక్కుతుందని వాళ్లకు తెలుసు, పని మధ్యలో ఆపి మరీ దులుపుతారు. కారు వాళ్లమే మరిచిపోతాం. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, అంటే మురికి వచ్చిన దారినే వెనక్కి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. సర్వీసింగ్ సెంటర్లలో బండి కడిగే ప్రెషర్ గన్‌ను దగ్గరగా పెడితే పలుచటి రెక్కలు పడుకుండిపోతాయి. అప్పుడు మురికి పోయినా గాలి దారి తిరిగి మూసుకున్నట్టే. గ్రిల్ ముందు బిగించే అదనపు లైట్లు, అలంకారపు పలకలు కూడా ఇదే పని చేస్తాయి.

గాలి దారి బాగుంటే నీటి దారి చూడాలి. రేడియేటర్ లోపలి గొట్టాలు తుప్పుతో, సున్నంతో మూసుకుంటే మూసుకున్న చోట చల్లగా, మిగతా చోట కాలిపోతూ ఉంటుంది. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ముఖమంతా గీసినట్టు చూస్తే ఆ చల్లని మచ్చలు దొరుకుతాయి. కింది హోస్ సంగతి చాలామంది పట్టించుకోరు. అది పంపు నీళ్లను పీల్చుకునే వైపు. రబ్బరు మెత్తబడినా, లోపలి స్ప్రింగు తుప్పుపట్టి పోయినా, ఇంజన్ వేగం పెరిగినప్పుడు ఆ పైపు లోపలికి నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది. ఇంజన్ ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్లీ గుండ్రంగా కనిపిస్తుంది. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు చూస్తే తప్ప దొరకదు. వాటర్ పంపు లోపలి రెక్కలు తుప్పుకు తినేసినా, బెల్టు జారుతున్నా నీళ్లు నెమ్మదిస్తాయి. పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ చారలు కట్టిన రంగు కనిపిస్తే లోపలి సీల్ పోయినట్టు.

వీటితో సంబంధం లేనివి కూడా కొన్ని ఉన్నాయి. పట్టుకుపోయిన బ్రేకు, జారే క్లచ్, మూసుకుపోయిన సైలెన్సర్, అడుగంటిన ఇంజన్ ఆయిలు, ఇవన్నీ ఇంజన్ చేత అనవసరంగా ఎక్కువ పని చేయిస్తాయి. ప్రయాణం ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చేయి దూరంగా పెట్టి చూడండి. ఒక్క చక్రం మాత్రం సెగలు కక్కుతుంటే కారణం రేడియేటర్‌లో లేదు.

చల్లటి ఇంజన్ నిమిషాల్లో వేడెక్కితే

పొద్దున్నే స్టార్ట్ చేసి ఇంకా ఊరు దాటకముందే ముల్లు పైకి పోతే మొదటి అనుమానం మూసుకుపోయిన థర్మోస్టాట్. పై హోస్ మీద గుడ్డతో చేయి వేసి చూడండి. ఇంజన్ కాలిపోతున్నా రేడియేటర్ వైపు పోయే పైపు చల్లగానే ఉంటే తలుపు తెరుచుకోలేదు. విప్పితే ఇంట్లోనే పరీక్షించవచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో థర్మోస్టాట్‌ను వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు మరగకముందే అది కళ్లెదుట తెరుచుకోవాలి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి.

రెండో అనుమానం గాలి బుడగ. ఈమధ్యే కూలెంట్ మార్చి ఉంటే ముందు దీన్నే అనుమానించాలి. నీటి దారిలో ఎత్తైన చోట గాలి చిక్కుకుంటే అక్కడి లోహానికి నీళ్లు తగలవు, పంపు కూడా గాలిని తోయలేదు. నా కారుకు మొదటి మెకానిక్ థర్మోస్టాట్ మార్చాక జరిగింది ఇదే. ఇంతకుముందు ఎక్కుడులో మాత్రమే వేడెక్కిన బండి, మర్నాడు వీధి చివరే వేడెక్కింది. హీటర్ వేస్తే చల్లటి గాలి వచ్చింది. హీటర్‌లోకి వేడి నీళ్లు చేరడం లేదని దానర్థం. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటర్ పూర్తిగా తిప్పి, గాలి వదిలే మరను తెరిచి నెమ్మదిగా నింపితే ఆ బుడగ పోయింది. రిపేరుకు ముందు లేని లక్షణం రిపేరు తర్వాత వస్తే, దాన్ని పాత లోపంతో కలపకండి.

మూడో అనుమానం అందరూ భయపడేది.

హెడ్ దించాలి అన్నప్పుడు

బ్లాకుకూ హెడ్‌కూ మధ్య బిగుసుకుని ఉండే పలుచటి పొర గ్యాస్కెట్. ఒక పక్క మంట, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఆయిలు. ఈ మూడింటినీ కలవనివ్వకుండా కాపలా కాసేది అదే. ఇంజన్ ఒకసారి తీవ్రంగా వేడెక్కితే అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాకు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. బోల్టులు దాన్ని కదలనివ్వవు కాబట్టి హెడ్ వంగుతుంది. చాలా ఇంజన్లకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వంపే హద్దు. అది దాటితే గ్యాస్కెట్ అంచు వదులై మంట వాయువులు నీటిలోకి చొరబడతాయి. అంటే గ్యాస్కెట్ పోతే ఇంజన్ వేడెక్కుతుంది, ఇంజన్ వేడెక్కితే గ్యాస్కెట్ పోతుంది. ఏది ముందో తేల్చకుండా గ్యాస్కెట్ ఒక్కటే మార్చిన బండి కొద్ది నెలల్లో అదే షెడ్డుకు తిరిగి వస్తుంది.

గుర్తులు ఇవి. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటుంది. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, కొంచెం తీపి వాసనతో వస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకుంటుంది, రిజర్వ్ డబ్బాలో బుడగలు ఆగకుండా పైకి వస్తాయి. ఆయిలు కర్రకు పాలు కలిపిన కాఫీ రంగు అంటుకుంటుంది. వీటిలో ఒక్కటి చూసి తీర్పు ఇవ్వకూడదు. వానాకాలంలో దగ్గర దూరాలే తిరిగే బండికి ఆయిలు మూత లోపల తేమతో ఆ రంగు పొర మామూలుగానే వస్తుంది.

హెడ్ దించడమంటే పెద్ద ఖర్చు, రోజుల తరబడి పని, ఆపైన లేత్ దగ్గర ఫేసింగ్, అంటే వంగిన హెడ్ అడుగును చదును చేయించడం. దానికి ముందు రుజువు అడిగే హక్కు బండి యజమానికి ఉంది. రుజువుకు తేలిక దారి ఉంది. నీలం రంగు ద్రవం పోసిన గాజు గొట్టాన్ని రేడియేటర్ మూత స్థానంలో పెట్టి, ఇంజన్ నడుపుతూ అక్కడి గాలిని ఆ ద్రవం గుండా పీలుస్తారు. మంట నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపుగా మారుతుంది. నాలుగో మెకానిక్‌ను నేను ఈ పరీక్షే అడిగాను. ఆయన దగ్గర ఆ సామగ్రి లేదు, పక్క షెడ్డు నుంచి తెప్పించాడు. ఇద్దరం బానెట్ మీదికి వంగి పది నిమిషాలు చూశాం. నీలం నీలంగానే ఉంది. ఆయన నిజాయితీగా “హెడ్ వద్దు సార్, రేడియేటర్ వాళ్లకు చూపించండి” అన్నాడు. ఆ మాటే నన్ను టార్చి మేస్త్రీ దగ్గరికి చేర్చింది.

ముల్లును ఎంతవరకు నమ్మాలి

చాలా కార్లలో ముల్లు నిజం మొత్తం చెప్పదు. డ్రైవరు కంగారు పడకూడదని తయారీదారులు దాన్ని సర్దుతారు. నీళ్లు 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడ ఉన్నా అది మధ్యలోనే కూర్చుంటుంది. కదలడం మొదలైందంటే అప్పటికే ఆలస్యం. ఇంకా కొన్ని చిన్న కార్లలో ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం.

అంతకన్నా ప్రమాదకరమైన సంగతి ఒకటి ఉంది. సెన్సరు నీటిలో మునిగి ఉంటేనే సరిగ్గా చూపుతుంది. పైపు పగిలి నీళ్లన్నీ పోతే సెన్సరు ఆవిరిలోనో, ఖాళీలోనో వేలాడుతుంది. అప్పుడు ఎర్రగీత దాకా వెళ్లిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోవచ్చు. “హమ్మయ్య, చల్లబడింది” అనుకుని నడిపితే ఇంజన్ సీజ్ అవుతుంది. ఏ కారణమూ లేకుండా ముల్లు దిగితే సంతోషించవద్దు, బండి ఆపండి. దీనికి తలకిందులుగా, చల్లటి ఇంజన్‌కు తాళం తిప్పగానే ముల్లు చివరికి దూకితే అది వేడి కాదు, సెన్సరు వైరు లోపం.

మూత, నీళ్లు

రేడియేటర్ మూతను అందరూ మూతే అనుకుంటారు. నిజానికి అది ఒత్తిడి వాల్వు. దాని మీద 0.9 అనో, 1.1 అనో అచ్చు ఉంటుంది, లోపల అన్ని బార్ల ఒత్తిడి నిలబెడుతుందని అర్థం. కుక్కర్ సూత్రమే ఇది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు 1.1 బార్ అదనపు ఒత్తిడిలో 120 దాటాకే మరుగుతాయి. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపితే ఇంకా పైకి పోతుంది. మూత రబ్బరు ఎండి స్ప్రింగు బలహీనపడితే ఆ రక్షణ పోతుంది. ఘాట్‌లో 108 డిగ్రీలకు చేరిన నీళ్లు, గట్టి మూత ఉంటే నిశ్చింతగా ఉండేవి, మరిగి ఆవిరై రిజర్వ్ డబ్బా పొంగిస్తాయి. అన్నిటికన్నా చవకైన భాగం ఇది, అన్నిటికన్నా ఆలస్యంగా చూసేదీ ఇదే. వేడిగా ఉన్నప్పుడు దాన్ని తెరవకూడదనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఒత్తిడి పోయిన మరుక్షణం 115 డిగ్రీల నీళ్లు ఒక్కసారిగా మరిగి ఫౌంటెన్‌లా ముఖం మీదికి లేస్తాయి. ఆ కాలిన గాయాలు చూసినవారు ఇంకెప్పుడూ తొందరపడరు.

“మనకు మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు, బోరు నీళ్లు చాలవా?” అనే మాట తరచూ వింటుంటాను. అందులో సగం నిజం ఉంది. వేడిని మోయడంలో నీళ్లే మెరుగు, కూలెంట్ కలిపితే ఆ శక్తి కొంత తగ్గుతుంది కూడా. కానీ కూలెంట్‌లో ఉండేది గడ్డకట్టకుండా చూసే గుణం ఒక్కటే కాదు. అల్యూమినియాన్ని, ఇనుమును, రబ్బరును తుప్పు నుంచి, పాడవడం నుంచి కాపాడే రసాయనాలు ఉంటాయి. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఏం చేస్తాయో గీజర్ కాయిల్ విప్పి చూసిన ప్రతి ఇంటివారికీ తెలుసు. ఒకసారి పోసిన నీళ్లతో వచ్చే నష్టం కొంతే. లీకు ఉండి, వారం వారం కొత్త నీళ్లు పోస్తుంటే వారం వారం కొత్త సున్నం లోపలికి చేరుతుంది. దారిలో గత్యంతరం లేకపోతే ఏ నీళ్లయినా పోయండి, ఇంటికి వచ్చాక మాత్రం ఖాళీ చేసి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కూలెంట్ కలిపి నింపండి. కొన్ని కూలెంట్‌లు నీళ్లు కలిపే అమ్ముతారు, డబ్బా మీద చదవండి. రంగు చూసి కలపకండి. ఆకుపచ్చ, ఎరుపు, గులాబీ అనేవి కంపెనీల ఇష్టం, రసాయనం వేరు కావచ్చు. పడని రెండు రకాలు కలిస్తే జిగురులా గడ్డకడుతుంది. లీకు ఆగాలని పసుపు వేసే పాత చిట్కా కూడా అంతే, కన్నంతో పాటు సన్న గొట్టాలూ మూసుకుంటాయి. తీసేసిన కూలెంట్‌ను పళ్లెంలో వదిలిపెట్టవద్దు. అది తియ్యగా ఉండే విషం, కుక్కలు తాగి చనిపోతాయి.

ఇంకొక అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. “మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు, తీసేద్దాం” అని చాలా షెడ్లలో అంటారు. తీసేస్తే ఇంజన్ కావలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిలులో తేమ మిగిలి మడ్డి పడుతుంది. అది ఒక నష్టం. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ రేడియేటర్ దారి తెరిచేటప్పుడే చిన్న దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే చిన్న దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగి పోతుంది. చల్లబరచడానికి చేసిన పనే బండిని వేడెక్కిస్తుంది. పాడైతే మార్చాలి, తీసేయకూడదు.

దారిలో ముల్లు లేస్తే

ఏసీ ఆపండి. హీటర్ పూర్తిగా తిప్పి, వేగంగా గాలి వదలండి. హీటర్ అంటే లోపలున్న మరో చిన్న రేడియేటర్, అది కొంత వేడి లాగేస్తుంది. దాని గాలే మీకు ఇంకో సంగతి కూడా చెబుతుంది. వేడి గాలి వస్తుంటే నీళ్లు ఉన్నాయి, తిరుగుతున్నాయి. అప్పుడు పక్కకు తీసి, రెండు నిమిషాలు ఇంజన్‌ను నిలకడగా నడవనిస్తే పంపు, ఫ్యాన్ పనిచేస్తూ ముల్లును దించుతాయి. ముల్లు ఎక్కువగా ఉండి కూడా హీటర్ నుంచి చల్లటి గాలి వస్తుంటే నీళ్లు పోయాయి. ఎర్ర దీపం వెలిగినా, బానెట్ కింద ఆవిరి కనిపించినా అంతే. క్షణం ఆలస్యం లేకుండా ఇంజన్ ఆపేయాలి. పక్క ఊరు రెండు కిలోమీటర్లే కదా అని నడిపిన ఆ రెండు కిలోమీటర్లే హెడ్‌ను వంచుతాయి.

ఆపాక ముప్పావు గంట మూత ముట్టుకోకండి. కాలుతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే లోహం పగలవచ్చు. చల్లబడ్డాక, మందపాటి గుడ్డ వేసి, మూతను కొంచెం తిప్పి ఒత్తిడి పోనిచ్చి, నీళ్లు కొద్దికొద్దిగా పోయాలి. ఎన్ని లీటర్లు పట్టాయో గుర్తుంచుకోండి. ముల్లు లేచినప్పుడు ఎంత వేగంలో ఉన్నారు, ఏసీ ఉందా, స్టార్ట్ చేసి ఎంత సేపైంది, హీటర్ గాలి ఎలా ఉంది, ఇవన్నీ ఫోనులో రాసి పెట్టుకోండి. మెకానిక్‌కు మీరివ్వగలిగిన అసలైన సాయం అదే.

ఆ తర్వాతి మే నెలలో మళ్లీ శ్రీశైలం వెళ్లాం, అదే ఐదుగురం. ఇటీవలి కార్లలో స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలిస్తే నీటి వేడి అంకెల్లో ఫోనులో కనిపిస్తుంది. అది కొని పెట్టుకున్నాను. డ్యామ్ దాటాక తిరుగు ఘాట్‌లో అంకె 91 నుంచి మొదలై మలుపు మలుపుకూ పెరిగి, 98 దగ్గర ఫ్యాన్ చప్పుడు పెరిగాక 94కు దిగింది. ఈగలపెంటలో టీ తాగడానికి ఆగేదాకా ఆ రెండు అంకెల మధ్యే ఊగుతూ ఉంది. ఏసీ ఒక్కసారి కూడా ఆపలేదు. అమ్మ దారి పొడుగునా నిద్రపోయింది.